వదులైన సిలిండర్ స్టడ్డు: బిగించకండి, బయటికి తీయండి

బండి ఇంజన్ హెడ్డు నట్టు బిగిస్తూ ఉంటారు. పానాకు బరువు తెలుస్తూ ఉంటుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగా ఉన్నట్టుండి ఆ బరువు పోతుంది. నట్టు తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోవడం మాత్రం మానేస్తుంది. సరిగ్గా అక్కడ పానా కింద పెట్టేయాలి.

నేను పెట్టలేదు. మా బాబాయి వంద సీసీ బండిని హైదరాబాదు రామంతాపూర్‌లో మా ఇంటి ముందు విప్పుకుని కూర్చున్నాను. వాషరు సర్దుకుంటోందేమోలే అని నాకు నేనే చెప్పుకుని మరో చుట్టు తిప్పాను. స్టడ్డు, అంటే ఆ నట్టు ఎక్కే తల లేని పొడవాటి బోల్టు, నట్టుతో సహా పైకి లేచి వచ్చింది. దాని కింది మరల చుట్టూ బాల్ పెన్నులో స్ప్రింగులాంటి సన్నని తీగ ఒకటి మెరుస్తూ చుట్టుకుని ఉంది. అది తీగ కాదు. అంతవరకు చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగు పెట్టెలో (క్రాంక్‌కేస్), ఉన్న అల్యూమినియం మర. బాబాయి వచ్చి చూసి, "బిగించమంటే ఊడదీశావేమిటిరా?" అన్నాడు. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

ఈ పని మీకూ తగిలితే ఎలా చేసుకోవాలో చెబుతాను. గాలితో చల్లబడే ఒంటి సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ గురించే చెబుతున్నాను. చాంబర్‌లోంచి నాలుగు పొడవాటి స్టడ్లు మొలిచి, బోరును (పిస్టన్ ఆడే సిలిండర్‌ను), దాని మూత అయిన హెడ్డును దాటి పైకి వచ్చి, అక్కడ నట్లతో బిగుసుకునే రకం ఇది. కొలతలు ఎం8 × 1.25 మరకు (8 మి.మీ. మందం, మరకూ మరకూ మధ్య 1.25 మి.మీ.) ఇస్తున్నాను, లెక్క చెప్పడానికి వీలుగా ఉంటుందని. మీ బండి మర ఏదో, మరల మధ్య దూరం కొలిచే పిచ్ గేజీ పెట్టి చూసుకున్నాకే సామాను కొనండి. పాత బుల్లెట్లలో అయితే ఇంగ్లీషు మరలు కూడా ఉంటాయి. దగ్గరదగ్గరగా ఉందని మిల్లీమీటర్ల నట్టు ఎక్కిస్తే ఉన్న మర కూడా పోతుంది.

మర ఎందుకు పోతుందో ముందు తెలుసుకోవాలి. లేకపోతే బాగుచేశాక మళ్లీ అదే పని చేస్తారు. స్టడ్డు ఉక్కు, చాంబర్ అల్యూమినియం. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 100 మిల్లీమీటర్ల పొడవు మీద వేడి 100 డిగ్రీలు పెరిగితే అల్యూమినియం సుమారు 0.23 మి.మీ. పెరుగుతుంది, ఉక్కు 0.12 మి.మీ. మాత్రమే. తేడా ఒక కాగితం మందం. అల్యూమినియం బోరు, హెడ్డు కలిసి సాగి, స్టడ్డును ఆ కాగితం మందమంత పైకి లాగుతాయి. బండి వేడెక్కిన ప్రతిసారీ ఇది జరుగుతుంది. అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర మే నెల ఎండలో నిలబడిన బండిలోనూ జరుగుతుంది. కొలత ప్రకారం బిగించిన స్టడ్డు ఆ లాగుడును తట్టుకుంటుంది. పానాకు గొట్టం తగిలించి బిగించినది మాత్రం చల్లగా ఉన్నప్పుడే చివరి అంచున ఉంటుంది. దానికి తోడు స్టడ్డు మొదట్లో వాననీరు నిలిస్తే ఉక్కు, అల్యూమినియం కలిసిన చోట తెల్లటి పొడిలాంటి తుప్పు పుట్టి మరను తినేస్తుంది.

జబ్బు ఏదో తేల్చుకోవడం

స్టడ్డు వదులైంది అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు ఉన్నాయి. మొదటిది భయపడనక్కరలేనిది. నట్టు తుప్పుతో స్టడ్డుకు అతుక్కుపోయి, విప్పేటప్పుడు స్టడ్డునే తిప్పుకుంటూ వస్తుంది. కింది మర శుభ్రంగా ఉంటే అది జబ్బే కాదు. రెండోది, స్టడ్డు సాగిపోవడం. మధ్యలో నడుము సన్నబడి కనిపిస్తుంది. మూడోది అసలైనది, చాంబర్‌లో మర తెగిపోవడం. స్టడ్డును వేళ్లతో పట్టుకుని పక్కకు ఊపితే కింద టకటక కొడుతుంది, పైకి లాగితే వస్తుంది.

బండి విప్పకముందే కొన్ని గుర్తులు కనబడతాయి. బోరు కింది ప్యాకింగ్ దగ్గర ఒక మూల మాత్రమే నూనె చెమర్చి దుమ్ము పట్టి ఉంటుంది. లేదా హెడ్డు దగ్గర కిక్కు కొట్టినప్పుడల్లా టుస్సుమని గాలి పోతుంది. ప్యాకింగ్ పోయిందని ప్యాకింగ్ మార్చి పంపేసే వాళ్లే ఎక్కువ. నెల తిరగకుండా బండి మళ్లీ వస్తుంది.

విప్పడం

ఇంజన్ పూర్తిగా చల్లారాలి. రాత్రి ఆపి ఉదయం మొదలుపెట్టడం మేలు. ముందు రోజే కిరసనాయిలుతో రెక్కల మధ్య మట్టి కడిగేయండి. లేకపోతే అదంతా చాంబర్‌లోకి పోతుంది. పెట్రోలు ట్యాంకు తీసి వేరే గదిలో పెట్టండి. తర్వాత వేడి చేసే పని ఉంది.

సైలెన్సరు, కార్బొరేటరు తీశాక, పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, టైమింగ్ చెయిన్ వదులు చేసి, పళ్లచక్రం తీయండి. చెయిన్‌కు ఒక తీగ కట్టి ఫ్రేముకు వేలాడదీయండి. అది లోపలికి జారితే స్టడ్డు కథ మరిచిపోయి దాని వెనకాల పడతారు. హెడ్డు నట్లను ఎదురెదురు మూలల వరుసలో, ఒక్కోదాన్ని అర చుట్టు చొప్పున వదులు చేయండి. ఏ నట్టు కింద రాగి వాషరు ఉందో, ఏది టోపీ నట్టో ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి, రంధ్రాలు చేసి, వాటిలోనే గుచ్చి పెట్టండి. చాలా ఇంజన్లలో ఒక స్టడ్డు చుట్టూ ఉన్న ఖాళీలోంచే నూనె హెడ్డుకు ఎక్కుతుంది. రాగి వాషరు దానిది.

హెడ్డు అతుక్కుని ఉంటే చెక్క సుత్తితో పక్కలకు మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ దూర్చి పైకి లేపారా, ఆ గీత జీవితాంతం నూనె కారుస్తుంది. బోరు లేపేటప్పుడు పిస్టన్ కింద పడి దెబ్బ తినకుండా ఒక చెయ్యి అడ్డం ఉండాలి. బోరు నాలుగు వేళ్ల ఎత్తు లేవగానే చాంబర్ నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కేయండి. పీచు రాలే గుడ్డ వద్దు. అక్కడి నుంచి పని అయ్యేవరకు ఆ గుడ్డ తీయకూడదు.

ఇప్పుడు కొలత. ప్రతి స్టడ్డు చాంబర్ ముఖం నుంచి ఎంత ఎత్తు లేచి ఉందో వెర్నియర్‌తో కొలిచి అదే అట్ట మీద రాయండి. మర పోయినది పైకి లేచి ఉంటుంది, దాని ఎత్తు లెక్కలోకి రాదు. దాని బదులు దానంత పొడవే ఉన్న ఇంకో స్టడ్డు ఎత్తు రాసుకోండి. నాలుగూ ఒకే పొడవు అనుకోవద్దు.

స్టడ్డును ఊడదీయడం

రెండు నట్లు చాలు. స్టడ్డు పై మరకు రెండూ ఎక్కించి, ఒకదాన్ని ఇంకోదాని మీదకు రెండు పానాలతో బిగించి కరిపించండి. తర్వాత కింది నట్టుకు పానా పెట్టి ఎడమకు తిప్పితే స్టడ్డు మొత్తం తిరుగుతుంది. తిరిగి ఎక్కించేటప్పుడు పై నట్టుకు పానా పెట్టాలి. స్టడ్డు పట్టుకుని తీసే పరికరం బజారులో దొరుకుతుంది, ఉంటే వాడండి. గ్రిప్ ప్లయర్ మాత్రం పారేయబోయే స్టడ్డుకు తప్ప వాడకండి. దాని పళ్ల గాటు పడిన చోటే రేపు స్టడ్డు విరుగుతుంది.

కదలకపోతే తుప్పు వదిలించే నూనె మొదట్లో పోసి రాత్రంతా ఉంచండి. ఉదయం చాంబర్‌ను హాట్ ఎయిర్ గన్‌తో స్టడ్డు చుట్టూ వేడి చేయండి. నీటిచుక్క వేస్తే చుర్రుమని ఎగరాలి, అంత చాలు. అల్యూమినియం ఎక్కువ సాగుతుందని ఇందాక అన్నాను కదా, ఇక్కడ ఆ గుణమే మనకు పనికొస్తుంది. స్టడ్డు తలకు ఒక నట్టు ఎక్కించి, దాని మీద సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు వేసి, ముందు కుడికి ఒక పిసరు, తర్వాత ఎడమకు తిప్పండి. వెనకటి మెకానిక్కు ఎర్ర రంగు మర జిగురు వేసి ఉంటే అది మెత్తబడటానికి 250 డిగ్రీల దాకా కావాలి. ఇంట్లో చేసే పని కాదది.

స్టడ్డు లోపల విరిగితే? పైకి కొంచెమైనా కనిపిస్తుంటే దాని మీద నట్టు పెట్టి వెల్డింగ్ చేయించండి. ఆ వేడికే సగం వదులవుతుంది. ముఖానికి సమంగా విరిగితే, విరిగిన ముక్కలో దూర్చి ఎడమకు తిప్పి లాగే ఎడమ మర ఎక్స్‌ట్రాక్టరు జోలికి పోకండి. అది గట్టి ఉక్కు. లోపల విరిగితే ఇక డ్రిల్లు దిగదు. చాంబర్‌ను దించి బాలానగర్ తీసుకెళ్లండి. స్పార్క్ మిషన్‌తో విరిగిన ముక్కను కాల్చి తీసేసే వాళ్లు అక్కడ ఉన్నారు. 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉన్న ప్రాంతం అది. చుట్టుపక్కల లేత్ షాపుల్లో డై పనులు చేసే చేతులు ఉన్నాయి.

తీసిన స్టడ్డును అద్దం పలక మీద దొర్లించి చూడండి. వంకర ఉంటే వెలుతురు కింద తెలుస్తుంది. నడుము మందాన్ని మూడు చోట్ల కొలవండి. తేడా కనబడితే కొత్తది వేయాల్సిందే. పుత్లీబౌలిలో బండి పేరు చెప్పి స్టడ్డు అడిగితే ఇస్తారు. దొరకలేదని మామూలు మర కడ్డీ కోసి వేయకండి, ఆ ఉక్కుకు అంత బలం ఉండదు.

ఏ మందు వేయాలి

ముందు రంధ్రాన్ని పరీక్షించండి. సైకిలు పుల్ల దూర్చి లోతు కొలవండి. స్టడ్డు మర ఎంత పొడవు ఉందో దాంతో పోల్చండి. కొన్ని చాంబర్లలో స్టడ్డు దిగినదానికన్నా కింద ఇంకా వాడని మంచి మర ఉంటుంది. అప్పుడు కింది మర పొడవుగా ఉన్న స్టడ్డు చేయిస్తే చాలు. చాంబర్‌కు డ్రిల్లు తగలకుండా అయిపోయే పని ఏదైనా ఉంటే ముందు అదే చేయాలి.

మర బాగానే ఉండి స్టడ్డు మాత్రమే వదులైతే ఇంకా తేలిక. రంధ్రాన్ని, స్టడ్డును థిన్నర్‌తో కడిగి ఆరబెట్టి, నీలం రంగు మర జిగురు నాలుగు చుక్కలు వేసి ఎక్కించడమే.

మర తెగిపోతే రెండు దారులు. ఒకటి హెలికాయిల్, అంటే వజ్రాకారపు తీగతో చుట్టిన స్టెయిన్‌లెస్ స్టీలు స్ప్రింగు మర. రెండోది లేత్ మీద బుష్, అంటే లోపల మర ఉన్న లోహపు గొట్టం ముక్క, చేయించి దింపడం, లేదా కింద ఎం10, పైన ఎం8 మర ఉండే మెట్టు స్టడ్డు చేయించడం. రంధ్రం చుట్టూ గోడ మందంగా ఉండి, పాత రంధ్రం ఇంకా గుండ్రంగానే ఉంటే హెలికాయిల్. ఎవరో ఒకసారి తవ్వి వంకర చేసిన రంధ్రమైతే బుష్. అల్యూమినియం వెల్డింగ్‌తో పూడ్చి మళ్లీ మర కొడతామనే వాళ్లూ ఉన్నారు. ఆ వేడికి చాంబర్ ముఖం వంకర పోతే ఎవరు పూచీ? నాకైతే అది చివరి దారి. ఇక స్టడ్డుకు టెఫ్లాన్ టేపు చుట్టడం, రేకుముక్క దూర్చడం, ఎపాక్సీ ముద్ద కూరడం లాంటివి బండి అమ్మేసేవాడు చేసే పనులు.

హెలికాయిల్ దింపడం

ఎం8 × 1.25 కిట్ రాణీగంజ్ టూల్స్ దుకాణాల్లో అడగండి. అందులో ప్రత్యేకమైన ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) ఉంటుంది. మామూలు ఎం8 ట్యాప్ దీనికి పనికిరాదు, మర మందం పట్టేలా ఇది కొంచెం లావుగా ఉంటుంది. డ్రిల్లు 8.3 మి.మీ., కిట్‌ను బట్టి 8.4 కూడా ఇస్తారు. స్ప్రింగు పొడవు 12 మి.మీ. లేదా 16 మి.మీ. లోతు ఉంటే 16 తీసుకోండి. ఎర్రగడ్డ ఆదివారం అంగడిలో ట్యాపులు చవకే. నేనూ కొన్నాను. పదును పోయిన ట్యాప్ అల్యూమినియాన్ని కోయదు, నలిపేస్తుంది.

ఈ పని మొత్తంలో కష్టమైనది ఒక్కటే, డ్రిల్లు నిటారుగా దిగాలి. వంకరగా పడిన మరలో స్టడ్డు వంకరగా నిలబడుతుంది, బోరు ఎక్కదు. చేతి డ్రిల్లుతో కంటిచూపు మీద చేస్తే తప్పు జరుగుతుంది. నేను చేసింది చెబుతాను. లేత్ షాపుకు వెళ్లి 20 మి.మీ. మందం ఉక్కు పలకకు మిగతా మూడింట్లో రెండు స్టడ్లు దూరేలా రంధ్రాలు, పోయిన మర ఉన్న చోటికి సరిగ్గా 8.3 మి.మీ. రంధ్రం వేయించాను. ఆ రెండు స్టడ్లకు పలక మీద గొట్టం ముక్కలు తొడిగి, నట్లు ఎక్కించి పలకను చాంబర్ ముఖానికి బిగిస్తే, డ్రిల్లు దానిలోంచి దిగుతుంది. వంకరపోవడానికి చోటు ఉండదు. పలక కోయిస్తుంటే మిస్త్రీ నవ్వి, "ఒక్క రంధ్రానికి ఇంత ఏర్పాటా సార్?" అన్నాడు. పలక ఇప్పటికీ నా పెట్టెలో ఉంది, ఇంకో రెండు బండ్లకు పనికొచ్చింది. ఇంత శ్రమ వద్దనుకుంటే చాంబర్‌ను పూర్తిగా దించి డ్రిల్ మిషన్ బల్ల మీద పెట్టించండి.

డ్రిల్లుకు కావలసిన లోతు దగ్గర టేపు చుట్టండి. రంధ్రం అడుగున గోడ పలుచగా ఉంటుంది, దాటితే చాంబర్‌లోకో నూనె దారిలోకో పడుతుంది. వేగం తక్కువ, కిరసనాయిలు ఎక్కువ. అల్యూమినియానికి అంతకన్నా మంచి కోత నూనె అక్కరలేదు. గుడ్డ మీద అదనంగా ప్లాస్టిక్ కాగితం పరిచి అంచులకు టేపు వేయండి. కళ్లజోడు పెట్టుకోండి.

తర్వాత ట్యాప్. దాని కాలువల్లో గ్రీజు పూయండి, రజను అందులోనే అతుక్కుంటుంది. మొదటి రెండు చుట్లూ తిప్పాక ఆపి, మూలమట్టం పెట్టి రెండు వైపుల నుంచి చూడండి. నిటారుగా ఉంటే అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు. బరువుగా అనిపించిన ప్రతిసారీ బయటికి తీసి తుడవండి. పూర్తయ్యాక కంప్రెసర్ గాలి కొట్టకండి, రజనంతా బేరింగుల్లోకి పోతుంది. వ్యాక్యూమ్‌తో లాగండి. తర్వాత థిన్నర్‌లో ముంచిన దూది పుల్లతో మర మరా తుడవండి. పుల్ల తెల్లగా వచ్చేదాకా తుడవాలి.

స్ప్రింగును దాని పరికరానికి తగిలించి ఎక్కించేటప్పుడు కిందకు నొక్కకండి, తిప్పితే అదే దిగుతుంది. నొక్కితే ఒక మర దాటేసి ఎక్కుతుంది. చాంబర్ ముఖానికి అర చుట్టు కిందకు వెళ్లాక ఆపండి. స్ప్రింగు అడుగున ఒక అడ్డతోక ఉంటుంది, పరికరం పట్టుకునేది దాన్నే. దాన్ని విరగ్గొట్టాలి. తోక మీద పంచి నిలబెట్టి సుత్తితో ఒక్క చురుకైన దెబ్బ. టిక్కుమంటుంది. ఆ ముక్క బియ్యపు గింజకన్నా చిన్నది. అయస్కాంతంతో తీద్దామనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీలు సరిగ్గా అంటుకోదు. పుల్ల కొనకు గ్రీజు రాసి అంటించి తీయండి, తీసినదాన్ని అట్ట మీద టేపు వేసి అంటించండి. అది కంటికి కనబడేదాకా తర్వాతి పనికి వెళ్లొద్దు. రంధ్రం అడుగు తెరిచి ఉన్న రకమైతే ముక్క చాంబర్‌లోకే పోతుంది. అలాంటి చోట తోక లేని రకం స్ప్రింగు కొనుక్కోండి.

స్టడ్డు ఎక్కించి పరీక్షించడం

స్టడ్డు కింది మరకు నీలం జిగురు నాలుగు చుక్కలు. హెలికాయిల్ మీద ఎర్ర జిగురు వేస్తే మళ్లీ తీయాల్సి వచ్చినప్పుడు స్ప్రింగు కూడా ఊడి వస్తుంది. మూసుకుపోయిన రంధ్రంలో జిగురుగానీ నూనెగానీ నిండుగా పోయకండి. స్టడ్డు దిగుతుంటే ఆ ద్రవానికి పోయే దారి లేక చాంబర్‌నే చీల్చగలదు. వేళ్లతో తిప్పి, చివర రెండు నట్లతో కొంచెం తోసి, అట్ట మీద రాసుకున్న ఎత్తుకు తెచ్చి ఆపండి. స్టడ్డును అడుగుకు తాకించి బిగించేయాలని చూడొద్దు. దానికి బిగువు వచ్చేది పైన నట్టు లాగినప్పుడే. 24 గంటలు ఆరనివ్వండి.

తర్వాత రెండు పరీక్షలు. ప్యాకింగ్ లేకుండా ఖాళీ బోరును నాలుగు స్టడ్ల మీదుగా వదలండి, దాని బరువుకే అది దిగాలి. ఎక్కడైనా పట్టేస్తే ఆ స్టడ్డు వంకర. రెండోది చాలామంది చేయనిది. స్టడ్డుకు మందపాటి గొట్టం ముక్క తొడిగి, పైన వాషరు, నట్టు వేసి, మాన్యువల్ చెప్పిన టార్కుకు (తిప్పుడు బలానికి) బిగించి చూడండి. మర పోవాల్సి ఉంటే ఇప్పుడే పోతుంది, ఇంజన్ అంతా బిగించాక కాదు. నాలుగింటికీ చేయండి. ఒక మర పీకేలా బిగించిన చెయ్యి మిగతా మూడింటినీ వదిలిపెట్టి ఉండదు.

టార్క్ రెంచి 5 నుంచి 25 న్యూటన్ మీటర్ల మధ్య కొలిచేది కావాలి. కార్ల చక్రాలు బిగించే పెద్ద రెంచికి ఈ చిన్న లెక్కలు తెలియవు. ఎం8 స్టడ్లకు సాధారణంగా 20 చుట్టుపక్కల ఉంటుంది, మీ బండికి మాన్యువల్ చెప్పిందే లెక్క. మరకు నూనె రాయమంటే రాయండి, పొడిగా అంటే పొడిగానే. నూనె రాసిన మరను అదే టార్కుకు బిగిస్తే స్టడ్డు మీద లాగుడు ఎక్కువ పడుతుంది.

ఇక బిగింపు మీకు తెలిసిందే. కొత్త ప్యాకింగులు, కొత్త రాగి వాషరు, ఎదురెదురు మూలల వరుసలో మూడు విడతలు. 20 అయితే 10, 15, 20. టైమింగ్ గుర్తులు కలిపాక స్టార్ట్ చేసేముందు కిక్కును చేత్తో మెల్లగా నొక్కి రెండు చుట్లు తిప్పి చూడండి, ఏమీ తగలకూడదు. చాంబర్‌లో నూనె మార్చండి. ఎంత జాగ్రత్తపడినా ఒకటో రెండో రజను ముక్కలు పడే ఉంటాయి, అందుకని 200 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ మార్చండి. పాత నూనెను తెల్ల గుడ్డలో వడకట్టి చూస్తే ఎంత పడిందో తెలుస్తుంది.

మొదటిసారి పది నిమిషాలు నడిపి ఆపి రాత్రంతా వదిలేయండి. ఉదయం మాన్యువల్ చెప్పినట్లయితే నట్లకు మళ్లీ టార్కు పెట్టి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) సరిచూసి, మర బాగుచేసిన మూల ప్యాకింగ్ అంచున వేలు రాసి చూడండి. బాబాయి బండికి నా వేలు పొడిగానే వచ్చింది. ఆయన మాత్రం నమ్మకుండా తన రుమాలు తీసి ఇంకోసారి తుడిచి చూసుకున్నాడు.